చర్చి ఆవరణలో సిపాయి సమాధి: అసలు ఇతనిక్కడ ఎందుకున్నాడు?

ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి గేటు పక్కన ఒక్కోసారి చిన్న ఆకుపచ్చ బోర్డు కనిపిస్తుంది. లోపల కామన్వెల్త్ యుద్ధ సమాధులున్నాయని దాని అర్థం. వెళ్ళి చూస్తే, నాచుపట్టి పక్కకు ఒరిగిన పాత రాళ్ళ మధ్య ఒకటో రెండో తెల్ల రాళ్ళు నిటారుగా ఉంటాయి. వాటి మీద రెజిమెంట్ చిహ్నం, ఒక నంబరు, పేరు, తేదీ. ఆ తేదీ 1919 ఫిబ్రవరి అని ఉందనుకోండి. చిక్కు అక్కడే మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాల్పులు ఆగింది 1918 నవంబరు 11న. యుద్ధం జరిగింది ఫ్రాన్స్‌లో, బెల్జియంలో, గలిపోలీలో, మెసపొటేమియాలో. మరి అది ముగిసిన మూడు నెలలకు, ఒక్క తూటా పేలని ఈ పల్లెలోకి ఈ సమాధి ఎలా వచ్చింది?

ఊరి సైనికుల చరిత్ర వెతికేవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్న దగ్గర ఆగరు. రాయి మీద రెజిమెంట్ పేరు చూస్తారు, ఆ రెజిమెంట్ ఎక్కడెక్కడ పోరాడిందో చదువుతారు, మన మనిషి ఫ్రాన్స్‌లోని సోమ్ నది ఒడ్డున వీరోచితంగా పోరాడాడని రాసేస్తారు. మొదట్లో నేనూ అదే పని చేశాను. ఆ కుర్రాడు అసలు ఇంగ్లిష్ చానెల్ దాటనే లేదని తర్వాత తెలిసి నాలుక కరుచుకున్నాను. అప్పట్నుంచీ చర్చి ఆవరణలో ఏ యుద్ధ సమాధి చూసినా ముందు ఒకటే అడుగుతాను: ఇతను ఇక్కడెందుకున్నాడు?

ఈ ప్రశ్నకు సగం జవాబు ఒక ప్రభుత్వ నిర్ణయంలో ఉంది. యుద్ధం మొదట్లో డబ్బూ పలుకుబడీ ఉన్న కొన్ని కుటుంబాలు తమవాళ్ళ భౌతికకాయాలను ఫ్రాన్స్ నుంచి తెప్పించుకున్నాయి. బాగా చర్చకు వచ్చింది విలియం గ్లాడ్‌స్టన్ విషయం. మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనవడు, స్వయంగా పార్లమెంటు సభ్యుడు. 1915 ఏప్రిల్‌లో చనిపోతే వేల్స్‌లోని హావర్డెన్‌కు తెచ్చి పూడ్చారు. ప్రధానమంత్రి మనవడు ఇంటికొస్తాడు, బొగ్గుగని కూలీ కొడుకు అక్కడే ఉండిపోతాడా అని ఎవరైనా అడగొచ్చు. అదే ఏడాది సైన్యం శవాల తరలింపును ఆపేసింది. 1917 మే 21న రాయల్ చార్టర్‌తో, అంటే రాజు ఇచ్చిన అధికార పత్రంతో, ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ దాన్నే సిద్ధాంతంగా తీసుకుంది: హోదా, కులీనత, సంపద ఏవీ లెక్కలోకి రావు, ఎక్కడ పోయినవాడు అక్కడే, అందరికీ ఒకే రకం రాయి. చాలామంది తల్లులు దీన్ని ఒప్పుకోలేదు. 1920 మేలో పార్లమెంటులో పెద్ద చర్చే జరిగింది. నిర్ణయం మాత్రం మారలేదు. కమిషన్ పేరులోని 'ఇంపీరియల్' 1960లో 'కామన్వెల్త్' అయింది. ఇవాళ అది రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన దాదాపు 17 లక్షల మంది పేర్లను చూసుకుంటోంది.

అంటే, ఆ తొలి నెలల్లో తెచ్చుకున్న కొద్దిమందిని తీసేస్తే, బ్రిటన్ పల్లె చర్చిలో ఉన్న మొదటి యుద్ధపు సైనికుడు బ్రిటన్‌లోనే చనిపోయి ఉండాలి. ఫ్రాన్స్‌లో గాయపడి ఓడలో ఇక్కడి ఆసుపత్రికి వచ్చి పోయి ఉండొచ్చు. శిక్షణ శిబిరంలో గ్రెనేడ్ చేతిలోనే పేలి ఉండొచ్చు. విమానం నేర్చుకుంటూ పొలంలో కూలి ఉండొచ్చు. న్యుమోనియా, క్షయ, మెనింజైటిస్ కావచ్చు. 1918 శరదృతువు నుంచి 1919 వసంతం దాకా ఉన్న తేదీ అయితే ముందు అనుమానించాల్సింది ఇన్‌ఫ్లుయెంజాని. తీరప్రాంతమైతే అలలకు కొట్టుకొచ్చిన నావికుడు కావచ్చు. ఇలా స్వదేశంలో పోయినవాళ్ళను కుటుంబం సొంతూరికి తెచ్చుకోవడానికి అడ్డు లేదు. అందుకే ఈ సమాధులు బ్రిటన్‌లో 12,000కు పైగా చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. చాలా ఊళ్ళలో ఒకటి, రెండు, మహా అయితే నాలుగు.

రాయి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కమిషన్ రాయి సాధారణంగా పోర్ట్‌లాండ్ సున్నపురాయి. ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 1 అడుగు 3 అంగుళాలు, పైభాగం కొద్దిగా వంపు. చిహ్నం, నంబరు, హోదా, పేరు, యూనిట్, చనిపోయిన తేదీ కమిషన్ చెక్కిస్తుంది. వయసు, శిలువ, అడుగున ఒక వాక్యం కుటుంబం ఇష్టం. ఆ వాక్యం ఖాళీలతో కలిపి 66 అక్షరాలు దాటకూడదు. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీల చొప్పున అడిగారు. తర్వాత విమర్శలొచ్చి, ఇవ్వగలిగితే ఇవ్వండి అన్నట్టుగా మార్చారు. న్యూజిలాండ్ ప్రభుత్వమైతే సమానత్వం అంటే అందరికీ సమానంగా ఉండాలని తమవాళ్ళకు ఈ వాక్యమే వద్దంది. కాబట్టి న్యూజిలాండ్ సైనికుడి రాయి అడుగు ఖాళీగా ఉంటే కుటుంబం పట్టించుకోలేదని అనుకోకండి.

పల్లె చర్చిల్లో ఇంకో తిరకాసు ఉంది. యుద్ధ సమాధి అంటే తెల్లరాయే అని వెతికితే కొన్ని తప్పిపోతాయి. కొడుకుని సొంతూరికి తెచ్చుకున్న తల్లిదండ్రులు చాలామంది తమ కుటుంబ రాయి కిందే పెట్టుకున్నారు. తాత పేరు, నాన్నమ్మ పేరు, వాటి కింద చిన్న అక్షరాల్లో ఇతని పేరు, రెజిమెంట్ పేరైనా ఉండదు. అయినా కమిషన్ లెక్కలో అది యుద్ధ సమాధే.

లెక్కలోకి రావడానికి రెండు గడువులున్నాయి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఆ తేదీల మధ్య సర్వీసులో ఉండగా చనిపోతే చాలు, కారణంతో పనిలేదు. సైకిల్ మీంచి పడి పోయినా, ఆత్మహత్య చేసుకున్నా, రైలు పట్టాలు దాటుతూ పోయినా యుద్ధ మృతుడే. సర్వీసు నుంచి డిశ్చార్జ్ అయ్యాక పోతే మాత్రం, ఆ చావుకు సర్వీసే కారణమని రుజువుండాలి. ఈ రెండో షరతు ఎంతమందిని బయట పెట్టిందో చివర్లో చెప్తాను.

ముందు కొనాల్సిన కాగితం

కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఒక పేజీ వస్తుంది. 'ఫలానా వారి కుమారుడు, ఫలానా వీధి' అని అదనపు సమాచారం ఉంటే మురిసిపోతాం. కానీ ఆ చిరునామా సాధారణంగా యుద్ధమయ్యాక, 1920ల్లో కమిషన్ పంపిన ఫారం మీద బంధువులు రాసిచ్చింది. కుర్రాడు పెరిగిన ఇల్లు అదే అయ్యుండక్కర్లేదు. విధవరాలైన తల్లి కూతురింటికి చేరి అక్కణ్ణుంచి రాసి ఉండొచ్చు. భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె పేరు కొత్త ఇంటిపేరుతో కనిపిస్తుంది.

ఆ పేజీ తర్వాత నేరుగా డెత్ సర్టిఫికెట్‌కు వెళ్ళాలి. విదేశాల్లో పోయిన సైనికుడి విషయంలో ఇది పెద్దగా పనికిరాదు. 'యుద్ధంలో మరణించాడు' అన్న ఒక్క ముక్క ఉంటుంది, అంతే. కానీ బ్రిటన్‌లో పోయినవాడి మరణం మామూలు పౌరుల రిజిస్టర్‌లోనే నమోదైంది. ఏ ఆసుపత్రి, ఏ జబ్బు, ఎన్ని రోజులు, ఎవరు చెప్పారు అన్నీ ఉంటాయి. చెప్పినవాళ్ళ గడిలో 'తండ్రి, మరణ సమయంలో దగ్గరున్నారు' అని కనిపిస్తే, ఆ ఇంటికి టెలిగ్రాం అంది, ఆయన రైలెక్కి, సమయానికి చేరాడని అర్థం. కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) పేరుంటే విచారణ జరిగిందన్నమాట, వెంటనే ఆ వారం స్థానిక పత్రిక తిరగేయాలి. పత్రికలో రెండు కాలాల కథ ఉండే అవకాశం ఎక్కువ.

చర్చి వాళ్ళ సొంత ఖనన రిజిస్టర్‌నీ వదలకూడదు. పేరు, నివాసం, పూడ్చిన తేదీ, వయసు, కర్మ చేయించిన పాస్టర్, ఇంతే ఉంటుంది. నివాసం గడిలో పక్క వీధి పేరుందా, మిలిటరీ ఆసుపత్రి పేరుందా అన్నదే అసలు సంగతి. మొదటిదైతే ఊరివాడు ఊరికి వచ్చాడు. రెండోదైతే ఎక్కడివాడో ఇక్కడ ఆగిపోయాడు.

కాలిపోయిన కాగితాలు

ఇక సైనికుడి సర్వీసు ఫైలు. ఇక్కడే అందరికీ నిరాశ. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులు లండన్‌లోని వాల్‌వర్త్‌లో ఉన్న యుద్ధ కార్యాలయపు గోదాము మీద పడ్డాయి. మొదటి యుద్ధపు సిపాయిల ఫైళ్ళలో సగానికి మించి బూడిదయ్యాయి. మిగిలినవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (జాతీయ పత్రాల భాండారంలో) డబ్ల్యూఓ 363 అనే వరుసలో ఉన్నాయి. వెతికేవాళ్ళ భాషలో అవి 'కాలిన కాగితాలు'. నిజంగానే అంచులు నల్లగా, నీళ్ళకు తడిసిన మరకలతో ఉంటాయి. దొరికితే మీ అదృష్టం. దొరక్కపోతే చుట్టూ తిరిగి రావాలి, ఆ దారులు కొన్ని చాలా సరదాగా ఉంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చనిపోయిన సైనికుల ఆస్తి లెక్కల రిజిస్టర్, నేషనల్ ఆర్మీ మ్యూజియం దగ్గరుంది. సైన్యం అతనికి ఎంత బాకీ ఉంది, దాన్ని ఎవరికిచ్చింది అన్నదే అందులో రాసేది. ఎర్ర సిరాతోనో విడిగానో ఇంకో అంకె ఉంటుంది, వార్ గ్రాట్యుటీ, అంటే యుద్ధ సేవకు విడిగా ఇచ్చిన సొమ్ము. దాని లెక్కకు ఒక సూత్రముంది. విదేశీ సర్వీసున్న మామూలు సిపాయికి మొదటి పన్నెండు నెలలకు 5 పౌండ్లు, ఆపైన ప్రతి నెలకూ 10 షిల్లింగులు. విదేశం వెళ్ళకపోతే ఆ మొదటి మొత్తం 3 పౌండ్లే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. రిజిస్టర్‌లో గ్రాట్యుటీ 9 పౌండ్ల 10 షిల్లింగులు అని ఉంది. 5 పౌండ్లు తీసేస్తే మిగిలింది 4 పౌండ్ల 10 షిల్లింగులు. పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి అది 90 షిల్లింగులు, అంటే 9 నెలలు. మొదటి పన్నెండుతో కలిపి 21 నెలలు. చనిపోయిన తేదీ 1918 నవంబరు అయితే 21 నెలలు వెనక్కి వెళ్ళండి, 1917 ఫిబ్రవరి దగ్గర చేరాడు. అప్పటికి నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చి ఏడాది దాటింది. అంటే ఇతను జెండా చూసి ఉప్పొంగి వెళ్ళిన స్వచ్ఛంద సైనికుడు కాకపోవచ్చు, పిలుపు కాగితం వస్తే వెళ్ళినవాడు కావచ్చు. ఫైలు కాలిపోయినా ఒక్క అంకె నుంచి ఇంత రాబట్టవచ్చు. అయితే అదే మొత్తం 3 పౌండ్ల మీద కట్టిన లెక్క అయితే జవాబు మారిపోతుంది. అందుకే విదేశం వెళ్ళాడా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

దానికి మెడల్ కార్డులు, అంటే ఎవరికి ఏ పతకం రావాలో రాసుకున్న సైన్యం కార్డులు పనికొస్తాయి. ఆ యుద్ధంలో సైనికుడికి పతకం రావాలంటే దాదాపుగా విదేశీ సర్వీసు ఉండాలి. చర్చి ఆవరణలోని మనవాడికి మెడల్ కార్డే లేదంటే రికార్డు పోయిందని బాధపడకండి, అతను దేశం దాటలేదనడానికి అదే బలమైన సూచన. కుటుంబంలో 'మా ముత్తాత తమ్ముడికి పతకముండేది' అని చెబితే, అది బహుశా మరణించినవాళ్ళ ఇళ్ళకు పంపిన గుండ్రటి కంచు ఫలకం. జనం దాన్ని 'చచ్చినవాడి పెన్నీ' అని పిలుచుకునేవారు. అది స్వదేశంలో పోయినవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళింది.

పెన్షన్ కార్డులు ఇంకో నిధి. రక్షణ శాఖ వదిలించుకోబోతుంటే మొదటి యుద్ధ చరిత్ర మీద పనిచేసే వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ 2012లో వాటిని కాపాడింది, 60 లక్షలకు పైగా కార్డులు. భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు, చావుకు కారణం, ఇచ్చారా నిరాకరించారా అన్నీ ఉంటాయి. వాటి పక్కన 1921 జనాభా లెక్కలు పెట్టి చూడండి, అవి 2022 జనవరిలో బయటికొచ్చాయి. ఆ ఫారంలో చిన్నపిల్లలకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది: తల్లిదండ్రులు బతికున్నారా? ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లల పేర్లకు ఎదురుగా వరసగా 'తండ్రి లేడు', 'తండ్రి లేడు', 'తండ్రి లేడు' అని ఒకే చేతిరాతలో చదివినప్పుడు, ఆ రాసింది తల్లే అయ్యుంటుందని తట్టి కాసేపు పక్క పేజీకి వెళ్ళలేం.

పేరొకటే, మనిషి వేరు

ఈ పనిలో జరిగే తప్పుల్లో ముప్పాతిక వంతు ఒకే పేరున్న ఇద్దర్ని ఒక్కరుగా కలిపేయడం వల్లే జరుగుతాయని నా అనుభవం. జాన్ స్మిత్‌ల సంగతి అందరికీ తెలుసు. కానీ నంబరు కూడా మోసం చేస్తుంది. 1920కి ముందు సైన్యమంతటికీ కలిపి ఒకే వరుస నంబర్లు లేవు. 1234 నంబరు సిపాయి ఒక్కో రెజిమెంట్‌లో ఒక్కొక్కడుండొచ్చు. పైగా 1917 మొదట్లో టెరిటోరియల్ దళాలవాళ్ళకు (పార్ట్‌టైం సైనికుల దళాలు) పాత నంబర్లు తీసేసి ఆరంకెల కొత్తవి ఇచ్చారు. ఒకే మనిషి రెండు నంబర్లతో ఇద్దరిలా కనబడతాడు. వయసు మీద కూడా నమ్మకం వద్దు. పదహారేళ్ళవాడు పంతొమ్మిదని చెప్పి చేరాడు, నలభై ఐదేళ్ళవాడు ముప్పై ఎనిమిదని చెప్పి చేరాడు. కొందరు పేరే మార్చుకున్నారు. పేరు, నంబరు, రెజిమెంట్, బంధువు, వీటిలో కనీసం మూడు కలిసేదాకా 'ఇతనే' అనకూడదని పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

1918 శరదృతువులో వచ్చిన గైర్హాజరు ఓటర్ల జాబితా ఇక్కడ చక్కగా ఆదుకుంటుంది. ఇంటి చిరునామా పక్కనే సైనికుడి నంబరు, యూనిట్ రాసిన జాబితా అది. జనాభా లెక్కల్లోని ఇంటినీ సైన్యంలోని మనిషినీ ఇంత నేరుగా కలిపే కాగితాలు చాలా తక్కువ. కాకపోతే అప్పటికి బతికున్నవాళ్ళే అందులో ఉంటారు.

ఊరి కథలూ, రాతి సాక్ష్యమూ

ఉత్తర వేల్స్‌లో బోడెల్‌విడన్ అనే ఊళ్ళో సెయింట్ మార్గరెట్ చర్చి ఉంది. దాని ఆవరణలో 80కి పైగా కెనడా సైనికుల సమాధులు. పక్కనే ఉన్న కిన్మెల్ పార్క్ శిబిరంలో 1919 మార్చి 4, 5 తేదీల్లో అల్లర్లు జరిగాయి. యుద్ధమైపోయినా ఇంటికెళ్ళే ఓడలు రాక, చలిలో, బురదలో విసిగిపోయిన సైనికులు తిరగబడ్డారు. ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కథ చిలవలు పలవలు వేసింది: ఇక్కడున్నవాళ్ళంతా తిరుగుబాటుదార్లని, తెల్లవారుజామున వరసగా నిలబెట్టి కాల్చేశారని.

రాళ్ళ మీద తేదీలు ఒక కాగితం మీద రాసుకుంటే ఈ కథ పది నిమిషాల్లో వీగిపోతుంది. చాలా మరణాలు అల్లర్లకు ముందే, ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లోవి. ఐదుగురు పోయింది గొడవలో, మరణశిక్ష వల్ల కాదు. ఆ అల్లర్లకు ఎవరికీ మరణశిక్ష అమలు చేయలేదు. జ్వరంతో మంచాన పడి పోయారంటే వినడానికి ఏం బాగుంటుంది, అందుకే జనానికి తుపాకుల కథే నచ్చింది.

అన్ని ఊరి కథలూ ఇలా కొట్టిపారేసేవి కావు. హాంప్‌షైర్‌లోని బ్రోకెన్‌హర్స్ట్‌లో సెయింట్ నికొలస్ చర్చి ఉంది. అక్కడ 90కి పైగా న్యూజిలాండ్ సమాధులున్నాయి, ఎందుకంటే 1916 నుంచి ఆ ఊళ్ళో న్యూజిలాండ్ ఆసుపత్రి నడిచింది. కానీ దానికి ముందు అదే ఊళ్ళో ఉన్నది లేడీ హార్డింజ్ ఆసుపత్రి, గాయపడ్డ భారతీయ సైనికుల కోసం. అందుకే ఆ ఆవరణలో సుఖా అనే పేరుతో ఒక రాయి ఉంది. బరేలీ నగరం, గంగాపూర్ మొహల్లా వాసి. ఆసుపత్రిలో సఫాయి పని చేసేవాడు. 1915 జనవరి 12న, ముప్పై ఏళ్ళకు చనిపోయాడు. మతం చేత క్రైస్తవుడు కాకపోయినా ఇతరుల కోసం జీవితాన్నిచ్చాడని, ఈ రాయిని ఊరి జనమే పెట్టించారని దాని మీదే చెక్కి ఉంది.

అతను చర్చి ఆవరణలోకి ఎందుకొచ్చాడన్నదానికి మనవాళ్ళు వెంటనే పోల్చుకోగలిగే కథ ఒకటుంది. అంటరానివాడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదు, ముస్లిం కాదని వోకింగ్ మసీదు ఇమాం ఖననానికి ఒప్పుకోలేదు, చివరికి ఊరి పాస్టర్ నా చర్చి దగ్గర పెట్టండన్నాడు. ఇది భారతీయ క్షతగాత్రుల బాధ్యత చూసిన అధికారి సర్ వాల్టర్ లారెన్స్ చెప్పిన కథ. రాయి మీద మాత్రం నిరాకరణల మాట ఒక్కటీ లేదు. నమ్మకూడదని అనను, ఆ రోజుల కులాన్ని బట్టి నమ్మాలనే అనిపిస్తుంది. కానీ రాసేటప్పుడు రాయి చెప్పింది వేరుగా, అధికారి చెప్పింది వేరుగా పెడతాను. నన్ను ఎక్కువ ఆపేది ఆ మొహల్లా పేరు. ఒక సఫాయి మనిషి ఊరు మాత్రమే కాదు, పేట పేరు కూడా కనుక్కుని, వేల మైళ్ళ దూరంలో రాతి మీద చెక్కించాలని ఎవరికో అనిపించింది.

రెండో యుద్ధానికి వస్తే పరిస్థితి మారుతుంది. తెల్లరాయి మీద ఎయిర్‌ఫోర్స్ గద్ద కనబడితే దగ్గర్లో విమానాశ్రయముందేమో, లేక ఇది కుర్రాడి సొంతూరేమో చూడాలి. బ్రిటన్ వైమానిక దళంలో బాంబులు వేసే విభాగమైన బాంబర్ కమాండ్ కోల్పోయిన 55,000 మందికి పైగా వైమానికుల్లో ఎనిమిది వేలకు పైగా శిక్షణలో, ప్రమాదాల్లోనే పోయారు. వైమానికుల మరణాలు, గల్లంతుల ఫైళ్ళు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 81 వరుసలో విడతలవారీగా తెరుస్తున్నారు. సర్వీసు ఫైళ్ళను కూడా రక్షణ శాఖ 2022 నుంచి అక్కడికే తరలిస్తోంది. ఇంకో చిన్న సంగతి. పాత పత్రికలో జర్మన్ పైలట్‌ని ఈ చర్చిలోనే పూడ్చారని చదివి, వెళ్ళి చూస్తే రాయి లేకపోతే కంగారు పడకండి. బ్రిటన్, పశ్చిమ జర్మనీల మధ్య 1959 ఒప్పందం తర్వాత బ్రిటన్‌లో చెదిరి ఉన్న జర్మన్ సమాధుల్లో చాలావాటిని క్యానక్ చేజ్‌లోని జర్మన్ సైనిక శ్మశానానికి మార్చారు.

దొరికిందల్లా రాసేయడం మీద నాకు ఇంకా సంకోచముంది. ఫైళ్ళలో సుఖవ్యాధుల చికిత్సలుంటాయి, సెలవు మించి ఉండిపోయినందుకు శిక్షలుంటాయి, ఆత్మహత్యలుంటాయి. వందేళ్ళు దాటాయి కదా అంటారు. కానీ అదే ఇంటిపేరుతో ఆ ఊళ్ళో ఇంకా కుటుంబం ఉంటుంది, ఆదివారం అదే సమాధి పక్కనుంచి నడుస్తారు. అలాంటిది బయటపడితే ముందు వాళ్ళకు చెప్పి, తర్వాత రాస్తాను. వాళ్ళు వద్దంటే డెత్ సర్టిఫికెట్‌లోని కారణం వరకే రాసి ఆపిన సందర్భాలున్నాయి.

ఇక ఆ రెండో షరతు. గ్యాస్ పీల్చి, క్షయ పట్టి, సైన్యం పనికిరాడని ఇంటికి పంపేసిన మనిషి 1919లో తల్లి ఇంట్లో చనిపోయాడనుకోండి. సర్వీసు వల్లే పోయాడని అప్పట్లో ఎవరూ కమిషన్‌కు చెప్పకపోతే అతనికి తెల్లరాయి రాలేదు. 'ఇన్ ఫ్రమ్ ద కోల్డ్' అనే స్వచ్ఛంద బృందం ఇలాంటివాళ్ళ కాగితాలు వెతికి వేలమందిని అధికారిక జాబితాలోకి తెచ్చింది, ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. అందుకే చర్చి రిజిస్టర్ చేతికొచ్చినప్పుడు తెల్లరాళ్ళ పేర్లు చూసి మూసేయకండి. 1916 నుంచి 1921 ఆగస్టు దాకా పేజీలు తిప్పుతూ, ఇరవైల్లో ముప్పైల్లో పోయిన ప్రతి మగమనిషి పేరూ రాసుకోండి. ఒక్కో పేరునీ పెన్షన్ కార్డుల్లో వెతకండి. ఆపైన సెప్టెంబరు పేజీలు కూడా తిప్పండి. అక్కడ దొరికినవాళ్ళకు గడువు దాటింది కాబట్టి కమిషన్ రాయి రాదు, కానీ ఊరి చరిత్రలో రాసుకోవడానికి ఏ కమిషన్ అనుమతీ అక్కర్లేదు.